ఎడం పెడలూ, సాగర్ కుడికాలవా

"...ఆలస్యమవుతందని ఏమనుకోబాకండి, సంగతి అట్టాంటిది మరి, రెండు ముక్కల్లో తెమిలేది కాదు," అంటా అమరేశ్వరరావు రెండో టీ కూడా చల్లారబెట్టుకున్నాడు. గురజాలలో ఖాతూన్ బీ టీకొట్టు ముందు బల్లమీద కూర్చున్నాడన్న మాటేగానీ, ప్రాణమంతా ఇంటికాడ గోడకి ఆనించిన సైకిల్ మీదే ఉంది. భార్య కుసుమ ఆశా వర్కరు. రేపు పోలియో చుక్కలు, ఐదు బజార్లు తిరగాల. ఆమె సైకిల్ ఎడం పెడలు విరిగింది, షాపుకి తీసకపోతానంటే "నేనుండగా షాపేందే?" అని మాటిచ్చింది ఈయనే. ఆ మాటకి ఇయ్యాళ్టికి మూడు రోజులు.

"పాత పెడలు మర పట్టేసింది. స్పానరేసి ఒక్క గుంజు గుంజా, కదల్లా. సరేలెమ్మని స్పానరుకి బోరు పైపు తొడిగా, మూరెడు కాదు, బారెడు, తొడిగి గోడకి కాలు తన్నిపెట్టి గుంజా. ఏమైందో చెప్పుకోండి చూద్దాం?"

"ఊడిందా బాబాయ్?" గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపేశాడు రిజ్వాన్. మిరపచేను కౌలుకి చేసుకునే మనిషి, అమరేశ్వరరావు మాటంటే చానా గురి.

"పెడలా? ఊడలా. సైకిలూ కదల్లా, నేనూ కదల్లా. ఇల్లు కదిలింది! తూర్పు వాకిలి కాస్తా ఉత్తరానికొచ్చింది. మీ పిన్ని కళ్ళాపి చల్లింది చల్లినకాడే ఉంది, వాకిలే లేదు."

"ఓర్నాయనో!"

"ఆగరా, అసలుది ముందుంది. మళ్ళీ పట్టు పట్టా. ఈసారి బజారు తిరిగింది. మాచర్ల పోవాల్సిన బస్సు నిలబడ్డకాడే పిడుగురాళ్ళ మొగమయింది, డ్రైవరు దిగొచ్చి నాకు దణ్ణం పెట్టాడు. ఇక మూడో పట్టుకి చూడూ... సాగర్ కుడికాలవలో నీళ్ళు ఠక్కున ఆగి, ఎనక్కి మళ్ళి, డ్యామెక్కినయ్!"

రిజ్వాన్ లేచి నిలబడ్డాడు. "మొన్నట్నుంచీ మా చేలోకి చుక్క రాలా! ఉత్తపుణ్యానికి కాలవ నీళ్ళొదిలే లస్కరుని తిట్టిపోశా గదా. నీ పనా బాబాయ్ ఇది!"

అమరేశ్వరరావు మీసం మీద చెయ్యేశాడు. "ఇంకొక్క పట్టురా..."

పాలు కలబెడతా వింటన్న ఖాతూన్ బీ గరిటె ఆపింది. మొగుడు పోయేదాకా ఆ కొట్టు సైకిల్ షాపే. ముప్పయ్యేళ్ళు ఆమె చేతిలోనూ స్పానరాడింది.

"ఎటు గుంజావయ్యా అమరేశ్వరా?"

"ఎటేంది పిన్నీ, ముందు చక్రం వైపు. ఏ మరైనా ఇప్పేది ఎడంచేతి వైపుకే గదా."

"ఎడం పెడలుకి తిరుగుమర ఉంటది నాయనా, తొక్కుళ్ళకి ఊడకుండా. స్పానరు నిలువుగా పైకి పెట్టి ఎనక చక్రం వైపు గుంజాల. మూడ్రోజుల్నుంచి నువ్వు ఇప్పటంలా, బిగిస్తన్నావు."

అమరేశ్వరరావు మీసం మీంచి చెయ్యి తీసేశాడు.

"అయినా మర తెగకుండా అంత బిగించావు చూడు, మా ఆయన వల్ల కూడా కాలేదయ్యా అది," అంది ఖాతూన్ బీ, నిజంగానే మెచ్చుకుంటా.

బజారు మలుపు కాడ్నుంచి కుసుమ కేకేసింది. "ఏమయ్యో! పెడలు సంగతి తేలుస్తావా, నన్ను షాపుకి పొమ్మంటావా?"

"వస్తన్నానే!" టీ వదిలేసి లేచాడు.

"బాబాయ్, బాబాయ్," ఎంటబడ్డాడు రిజ్వాన్, "ఎనక చక్రం వైపు గుంజేముందు ఒక్క ఫోన్ కొట్టు. నేను పోయి చేలోకి నీళ్ళు పారేటట్టు మడవ తీసి పెట్టుకుంటా."