రింగులోంచి తప్పించిన తీగ

నా పేరు కురుమూర్తి, తండ్రి భీమన్న. వయసు యాభై ఆరు. అయిజ మండలం ఎర్రబండ ఊళ్లో ఇరవై ఏడేళ్లుగా లైన్‌మన్‌గా పనిచేస్తున్నాను. ఈ మాటలు చెప్పాలని బలవంతం ఏమీ లేదని మేజిస్ట్రేట్ గారు రెండుసార్లు అన్నారు. చెప్పడానికే గద్వాల బస్సెక్కి వచ్చానన్నాను.

నిరుడు డిసెంబరులో మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక డబ్బా బిగించారు. ట్రాన్స్‌ఫార్మర్ పాతదే, తీగలు పాతవే. ఆర్, వై, బి అని మూడు ఫేజులు; ఒక్కో ఫేజు తీగల చుట్టూ ఒక రింగు తొడిగారు. ఏ ఫేజు మీద ఎంత లోడ్ పడుతోందో గద్వాలలో ఉండే సబ్ ఇంజినీర్ మాలతి మేడం ఫోన్‌లో కనబడుతుంది. అంతకుముందు ఆ పని నా కుడి చెయ్యి చేసేది. స్విచ్ దించి తీగల మొదళ్ల మీద అరచెయ్యి ఆనిస్తే ఏ ఫేజు కాగుతోందో తెలిసేది. ఊళ్లో ఎవరి బల్బు మసకబారినా మొదటి ఫోన్ నాకే వచ్చేది.

డబ్బా వచ్చాక ఫోన్లు ఆగిపోయాయి. ఫిబ్రవరిలో మా ఊరి జానకమ్మ ఇంటి ముందు నుంచి పోతూ, కరెంటు బాగా వస్తోందా అని నేనే అడిగాను.

"మొన్న నువ్వొచ్చి సరి జేసినవ్ గద అన్నా. మాలతమ్మనే పంపిందంట. గా డబ్బకు అన్ని ఎర్కనే," అంది.

ఎండలో స్తంభమెక్కింది నేను, పేరు డబ్బాకు. నాకు కడుపు మండింది. అన్నం తినదు, సెలవు పెట్టదు, దానికి అన్నీ ఎరుకట.

మార్చి 18, ఉదయం పదకొండు గంటలకు స్విచ్ దించి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోయాను. బి ఫేజుకు రెండు తీగలున్నాయి. రెండూ రింగులోంచే పోవాలి. ఒకదాన్ని బయటికి తప్పించి రింగు మూసేశాను. ఇక డబ్బాకు సగం లోడే కనబడుతుంది. అది తప్పు చెప్పిందని ఊరంతా నవ్వాలి, మళ్లీ నన్ను పిలవాలి. అంతే నేను కోరింది.

ఏప్రిల్ 9, ఉదయం పదింటికి మేడం ఫోన్ చేసింది.

"కురుమూర్తన్నా, బి ఫేజు సగం ఖాళీ ఉన్నది. వై ఫేజు మీది పదకొండు ఇండ్లు దాని మీదికి మార్చుండ్రి. డబ్బ చెప్పింది సరే గని, జర మీరు చెయ్యి వెట్టి చూసినంకనే మార్చుండ్రి."

ముందు డబ్బా, తర్వాత నా చెయ్యి. అదే నాకు వినబడింది. స్విచ్ దించి చెయ్యి పెట్టాను. బి ఫేజు తీగల మొదలు కాలిపోతోంది. ఫోన్ తీసి, "చల్లగనే ఉన్నది మేడం," అన్నాను. పదకొండు ఇళ్లూ మార్చాను. జానకమ్మ ఇల్లు అందులో ఉంది.

అదే రోజు సాయంత్రం ఏడూ పదికి, కూలర్లన్నీ తిరిగే వేళ, తీగల మొదట్లో మంట లేచింది. ఫ్యూజు లాగబోతే నా కుడి అరచెయ్యి కాలింది. ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. తాగునీటి మోటరు ఆరు రోజులు నడవలేదు. జానకమ్మ నెత్తిన బిందెతో పక్క ఊరి నుంచి రావడం నేను చూశాను.

ఏప్రిల్ 12న మాలతి మేడంను సస్పెండ్ చేశారు. చూసుకోకుండా లోడ్ మార్పించిందని కేసు పెట్టారు. చల్లగా ఉందన్నది నేనేనని చెబితే ఆమె బయటపడేది. కానీ ఆ మాటే ఎత్తకుండా, డబ్బా తప్పు చూపించిందని, కురుమూర్తన్న చెయ్యి ఎన్నడూ తప్పు చెప్పదని రాసిచ్చింది. ఆ కాగితం ఆఫీసులో నాతోనే చదివించారు. నేను డిసెంబరు నుంచి ఎదురుచూసిన మాట అదే.

డబ్బా తప్పు చెప్పలేదు. మేడం తప్పు చేయలేదు. తప్పు నాది.

రాసుకున్నదంతా నాకు చదివి వినిపించారు. కలపాల్సింది లేదు, కొట్టేయాల్సింది లేదు, అంతా జరిగిందే. నాకు సంతకం వచ్చు. కుడి చెయ్యి కట్టులో ఉన్నందున ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)
కురుమూర్తి, లైన్‌మన్, ఎర్రబండ