రెండింటి సైరన్‌కి పోయిన ఫైనల్

"తాతా, నాన్న కాలేజీ హాకీ ఫైనల్ ఎలా ఓడిపోయారు? అడిగితే 'సైరన్ మోగింది' అని ఊరుకుంటారు."

సైరన్ మోగిందన్నాడా? అంతేనా? ఓలమ్మో, ఇన్నేళ్లైనా అదే మాట మీదున్నాడన్నమాట మీ బాబు! ఇలాగొచ్చి కూకో గుంటా. ఆ స్టిక్కు అవతల పెట్టు, నా కాలికి తగుల్తాది.

తొంభైల్లో మాటిది. ఈ కోహ్కా పేటలో ఇల్లు కట్టుకున్నాక... కాదు కాదు, ఇంకా కంపెనీ వోళ్లిచ్చిన సెక్టార్ క్వార్టర్లోనే ఉన్నాం. నాను భిలాయి స్టీల్ ప్లాంట్‌లో, రోలింగ్ మిల్లులో పని. మీ బాబు సీను నా సెల్లి, అదే మీ నాయనమ్మ కొడుకు గదా, నా సేతుల మీద పెరిగినోడు. కాలేజీ టీములో ఫుల్‌బేక్. నాను కాలేజీ గుమ్మం తొక్కలేదు గానీ, ఆ టీముకి నా అంత అభిమాని ఇంకోడు లేడు. మేచ్ ఎక్కడుంటే అక్కడికి సైకిలేసుకుని హాజర్!

నా గొంతు నీకు తెలుసు గదా? దానికే మా గేంగులో నాకో పనుండీది. మధ్యాహ్నం రెండింటికి సైరన్ కూస్తే పొద్దుటి షిఫ్టు అయిపోయినట్టు. మిషన్ల మోతలో కొందరికి ఇనపడదు. అందుకని నాను "ఛుట్టీ!" అని ఓ కేకెయ్యాలి. అది ఇంటేనే అందరూ సేతిలో పని దించీవోళ్లు. పదేనేళ్లు ఏసినాను. సెలవు రోజు ఇంట్లో ఉన్నా, రెండింటికి సైరన్ కూస్తే నోటంట అదే వచ్చీసీది. మీ బాబు పసోడప్పుడు నా కేక ఇని పలక గిరాటేసి ఆటకి పారిపోయీవోడు. మీ నాయనమ్మ నన్నే తిట్టీది.

సరే, ఫైనల్ గదా. జబల్‌పూర్ కాలేజీ వోళ్లతో. పదకొండింటికి మొదలవ్వాలి. ముఖ్య అతిథి రాలేదని పన్నెండున్నర సేసినారు. అక్కడే పడింది దెబ్బ! నాను డ్యూటీ మార్చుకుని ఎల్లినాను. మీ నాయనమ్మ పకోడీలు కట్టింది. బయట అర్ధరూపాయికి జేబు నిండా శనక్కాయలు, ఇప్పుడు దానికి పొట్టు కూడా రాదు... ఆ, ఏటి సెప్తన్నాను? యూనివర్సిటీ టీముకి కుర్రాళ్లని ఏరడానికి ఇద్దరు పెద్దమనుషులు కుర్చీలేసుకుని కూకున్నారు. మీ బాబుకి ఆ టీమంటే ప్రాణం. రాత్రీ పగలూ అదే కల.

ఏం ఆడినాడనుకున్నావు! గోల్ లోపలికి ఎల్లిపోతన్న బంతిని పడుకుని మరీ ఆపీసినాడు. నాను లేచి గంతులు! ఒకటికి ఒకటి, టైమైపోయింది. ఇక ఎక్స్‌ట్రా టైము. ముందు గోల్ ఎవడు కొడితే ఆడిదే కప్పు.

బంతి మెల్లిగా మీ బాబు దగ్గరికొస్తంది. ఎనకాల ఆళ్ల ఫార్వర్డ్ ఒక్కడే. కొట్టి అవతల పారేస్తే సాలు. అప్పుడు కూసింది సైరన్. కూస్తే ఏటి? భిలాయిలో పుట్టినోడికి సైరనో లెక్కా? మీ బాబు కన్ను బంతి మీంచి కదల్లేదు తల్లీ. నా నోరుందే, నా పాపిష్టి నోరు! గ్రౌండు దద్దరిల్లిపోయేలాగ "ఛుట్టీ!" అని కేకేసీసినాను.

ఆడి స్టిక్కు కిందకి దిగిపోయింది. తల నాకేసి తిప్పినాడు. రెప్పపాటు, అంతే. ఆ ఫార్వర్డ్ గద్దలాగ వచ్చి కొట్టీసినాడు.

ఊరుకున్నానా? అంపైర్ మీదకి గొడవకెల్లినాను, సిగ్గులేకుండా! సైరన్ మోగింది, ఆట ఆపాలి గదా సాబ్ అని. "అరే భాయ్, సైరన్ ప్లాంట్‌ది, విజిల్ నాది" అన్నాడు. ఏటంటావు దానికి?

ఆ యూనివర్సిటీ టీము లిస్టులో మీ బాబు పేరు రాలేదు.

సాయంత్రం మీ నాయనమ్మ "ఏటైందిరా?" అనడిగింది. నాను గుమ్మంలో నిలబడి ఉన్నాను. "సైరన్ మోగిందమ్మా, తల తిప్పీసినాను" అన్నాడు. నా పేరెత్తలేదు. మిగిలిన పకోడీలు నాకేసి తోసి "తిను మామా, అరిసి అరిసి గొంతెండిపోయుంటాది" అన్నాడు. ఇంత నోరుండి, నాదేరా తప్పు అని ఒక్క మాట అనలేకపోయినాను గుంటా. ఇదిగో, ఇయ్యాళ నీకు సెప్తన్నాను.

రేపు నీ మేచ్ ఎన్నింటికి? పన్నెండున్నరకా? ఓరి దేవుడా! అయితే మీ బాబుని నా పక్కనే కూకోమను. రెండయ్యేసరికి ఆడి సెయ్యి నా నోటికి అడ్డం పెట్టమను. నువ్వు మాత్రం నాకేసి సూడకు, బంతినే సూడు. గెలుస్తావు తల్లీ, సల్లగా ఉండు. ఆ సెయ్యి మాత్రం... గట్టిగా పెట్టమని సెప్పు.