తాండూరులో గోడలు నడిచిన ముచ్చట

రిటైరైన బాలస్వామి ఉండేది వికారాబాద్‌లోనే అయినా, పొద్దున్నే రైలెక్కి తాండూరొచ్చి మార్త చాయ్ హోటల్లో కూర్చుంటేగానీ తోచదు. ఒకప్పుడు సర్వేయర్, తర్వాత ఈ ఊరికే మున్సిపల్ కమిషనర్. ఆ రోజు బెంచీ మీద ఆటో నడిపే యాకోబు, బండల వ్యాపారి విశ్వేశ్వర్ దొరికారు.

"బంట్వారంల అన్నదమ్ములిద్దరు గట్టు కాడ గొడ్డళ్లు పట్టిన్రు. నేను గొలుసేసి కొల్సి హద్దురాయి పాతిన. గంతే, ఇద్దరొక్క కంచంల తిన్నరు," అని మొదలుపెట్టాడు బాలస్వామి.

"మంచి పని జేసిన్రు," అన్నాడు విశ్వేశ్వర్.

ఆ ఒక్కమాట చాలు, బాలస్వామికి ఊపొచ్చింది.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? సరిహద్దు కాడ గొలుసు జర బిగ్గ గుంజిన్నో లేదో, కర్ణాటక రైతొకాయన అవతలి కొస పట్టుకొని ఏలాడుకుంట ఇటొచ్చి పడ్డడు. 'యాకప్పా ఎళీతీ?' అంటడు, ఎందుకు గుంజుతవని. చాయ్ తాపిచ్చి పంపిన."

యాకోబు నవ్వు ఆపుకున్నాడు. "మరి గీ ముంగటి గల్లీ సంగతి?"

"గదే చెప్తున్న. కమిషనరై నేనొచ్చేటాల్లకు అందరు గోడలు గల్లీలకు జరిపి కట్టుకున్నరు, గిండ్ల అంబులెన్సు మల్లకపోతుండె. ఎవ్వల్నేమనలే. గొలుసు గలగలమనిపిచ్చిన, గోడలు వాటంతటవే ఎనుకకు జరిగినయ్. ఒకామె గోడకానుకొని రొట్టెలు జేస్తుండె, ఆమె, పొయ్యి, పెనం అన్ని జరిగినయ్ గని రొట్టె మాడలే. గల్లీ ఎంత ఎడల్పైందంటే, సిమెంటు గూడ్సు బండి పట్టాలిడిసి గిట్ల మల్లింది. డ్రైవర్ దిగి, 'సార్, గిది రెండో లైనా?' అని నన్నే అడిగిండు."

మార్త చాయ్ గిన్నె దించి ఇటు తిరిగింది. ఆమె ఇల్లు ఆ గల్లీలోనే.

"ఏ గోడా నడవలే సారూ. అందరికన్న ముందు మీ అత్త చంద్రవ్వ అరుగు కూలగొట్టిపిచ్చిన్రు. ఆమె నడి గల్లీల నిలవడి మీకు శాపనార్థాలు పెట్టింది. గది జూసినంకనే మా గోడలు మేమే ఇప్పుకున్నం. గా యేడాదే నా బిడ్డ కాన్పుకు అంబులెన్సు ఇంటి ముంగటికొచ్చింది. మీ అత్త మాత్రం ఇప్పటికీ మీతోని మాట్లాడదాయె."

బాలస్వామి గ్లాసు కింద పెట్టాడు. తను గడప తొక్కగానే అత్త లేచి లోపలికి పోవడం ఆయన కళ్లముందు మెదిలింది.

"గది చెప్తే ముచ్చట చిన్నగైతది మార్తా," అన్నాడు మెల్లగా.

యాకోబు బెంచీ మీద దగ్గరకు జరిగాడు.

"చిన్నగున్నా ఏం గాదు సార్. గదే చెప్పున్రి."