గుంట నాది, నీళ్ళు తమ్ముడివి

కాదు ఇంజినీరమ్మా, రావడానికి ఇవాళే దొరికిందా మీకు? ఏడాది పొడుగునా మీ ఆఫీసు గడప అరగదీశాను. తూము మార్చండి తల్లీ, వరదనీళ్ళు నా బావికి ఎగువనున్న పాత గుంటకి మళ్ళించండి, అప్పుడు నా బావిలోకొస్తాయి అని బతిమాలానా? గట్టిగా అరిచాను కూడా, ఒప్పుకుంటాను. అప్పుడేమో సర్వే అన్నారు, చూద్దాం అన్నారు. ఇప్పుడేమో మనుషుల్నీ గునపాల్నీ వెంటేసుకుని పొద్దున్నే దిగిపోయారు.

కూర్చోండి ముందు. ఆ కుర్చీలో వద్దు, దానికి ఒక కాలు కుంటి. ఇలా మంచం మీద కూర్చోండి. వాళ్ళనీ కాసేపు ఆగమనండి.

అసలు ఇంకుడు గుంటకి నా పొలమే బాగుందన్నది మీరే కదా? ఏటి నీళ్ళు తూములోంచి గుంటలోకొస్తాయి, ఇసుకలోంచి భూమిలోకి దిగుతాయి, ఎండాకాలానికి బావుల్లో తేలతాయి అన్నారు. తేలాయి, కాదనను. కాకపోతే నా బావిలో కాదు, దిగువనున్న మా తమ్ముడి బావిలో. భూమి లోపల వాలు అటుందని తర్వాత తీరిగ్గా చెప్పారు. గుంట నాది, దోమలు నావి, నీళ్ళు వాడివి. నా నిమ్మచెట్లు చూశారా, ఆకు ముడుచుకుని ఎలా ఉన్నాయో?

పోనీ వాడితో సఖ్యతగా ఉన్నామా అంటే అదీ లేదు. బోర్ల పందెంలో చెడ్డాం మేమిద్దరం. నేను బోరు వేస్తే వాడు అంతకంటే లోతుకి వేశాడు. నేనూరుకుంటానా? ఇంకా దింపాను. చివరికి రెండు బోర్లూ గాలి తప్ప ఏమీ కక్కలేదు. అప్పట్నించీ ఎదురుపడితే వాడు ఆకాశం చూస్తాడు, నేను చెప్పులు చూసుకుంటాను. మరదలు మాత్రం తలూపుతుంది, అదీ వాడు చూడనప్పుడు.

ఏం, వింటున్నారా, గడియారం చూస్తున్నారా?

ఈ మధ్య ఒక పొద్దున వాడే వచ్చాడండీ, నా గుమ్మంలోకి. ఎందుకనుకున్నారు? తిట్టడానికి. బావి ఎండిన రోజుల్లో నీళ్ళందడం కోసం మోటారుని లోపల కింది మెట్టు మీదికి దింపుకున్నాడు. ఇప్పుడు నీళ్ళు పైకొచ్చి అది కాస్తా మునిగిపోయింది. "నీ గుంట తగలెయ్యా, నా మోటారు ముంచావు కదరా" అన్నాడు. అన్నయ్యని పట్టుకుని 'రా' అంటాడా? కోపం రావాలి కదా, నాకు నవ్వాగలేదు.

వెళ్ళాను. తాడు ముందు వాడు పట్టుకున్నాడు, వెనక నేను. లాగు, ఆగు, అలా కాదు, ఇవే మాటలు. మోటారు పైకొచ్చాక ఇద్దరం బురదలో చతికిలబడ్డాం. మరదలు మంచినీళ్ళు తెచ్చింది, ఆ బావివే. తియ్యగా ఉన్నాయి, ఏం చెయ్యను.

అది మొదలు రోజూ వస్తున్నాడు. ఇంకో మెట్టు మునిగిందంటాడు, పైపు ఊడిందంటాడు, మోటారు ఇంకా పైకి జరపాలంటాడు. వచ్చినప్పుడల్లా తిట్లే. నేనూ తక్కువ తినలేదు లెండి.

మీరు తూము మారిస్తే నా బావి నిండుతుంది, తెలుసు. నా తోట బతుకుతుంది. వాడి బావి మళ్ళీ అడుగంటుతుంది. ఇంక వాడికి నా గుమ్మంతో పనేముంటుంది చెప్పండి?

వాడి బావినుంచే పైపు వేసుకోవచ్చు కదా అంటారా? వాడు ఇస్తాననాలి. అనడు. నేను అడగాలి. అడగను. మా ఇంట్లో పుట్టుంటే మీకూ తెలిసేది.

నిన్న రాలేదు వాడు. మరదలి పుట్టింటికి వెళ్ళారట. పొద్దెక్కేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. కాఫీ చల్లారిపోయింది, తాగబుద్ధి కాలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, వాడు వచ్చి తిట్టకపోతే నాకు రోజు గడవడం లేదమ్మా.

వాళ్ళని వెళ్ళిపొమ్మనండి. తూము ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి. ఎందుకని ఆఫీసులో అడిగితే ముసలాడికి మతిపోయిందని చెప్పండి. నిమ్మచెట్లంటారా, పోతే పోనివ్వండి.