దూది కోటు

ఆ రోజు ఇంట్లో నాయన, అక్క, నేను ఉన్నాం. అమ్మ పత్తి జిన్నింగు మిల్లులో పనికి వెళ్లింది. ఎన్‌సీసీ వాళ్లతో మనాలి కొండలెక్కడానికి అక్క ఎల్లుండి బయల్దేరాలి.

"ఉన్న వెయ్యి రూపాయలూ జర్కిన్‌కే పోస్తే బూట్లెట్టా కొంటావే?"

"మా క్లాసు ఆయేషా బూట్లు నాకు సరిపోయాయి నాయనా. జర్కినే కావాలి."

"దూది పెట్టి కోటు కుట్టానుగా!"

"దూదివి తేవద్దన్నారు మా ఎన్‌సీసీ మేడమ్."

"ఊరందరికీ పరుపులు కుట్టేవాడి కూతురికి దూది పనికిరాదా? అయితే కొండా వద్దు, గిండా వద్దు."

"వానకి తడిసిన పరుపు ఎన్నాళ్లకి ఆరుద్ది? నువ్వే చెప్పు. అక్కడ రోజూ మంచు, ఈదురుగాలి."

నాయన దూది కోటును చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ జర్కిన్ల కొట్టు ఎప్పటిదాకా తీసి ఉంటది?"

"చీకటి పడేదాకా."

నాయన ఆ కోటును ఒళ్లో పెట్టుకుని కుట్లు విప్పి దూది బయటికి తీయసాగాడు. గుమ్మంలో నన్ను చూసి, తన కుట్టు తనే విప్పుకోవడం నేను చూడకూడదన్నట్టు లేచి వచ్చి తలుపు వేసేశాడు.