నెహెమ్యా సాక్ష్యం, ఓబద్యాగారి గుండిగ

రండర్రా, ఇంకాస్త ముందుకు జరగండి. ఆ అరుగు చివర వేలాడే వాళ్ళు కిందికి దిగి కూర్చోండి, పడితే మీ అమ్మలకు జవాబు చెప్పుకోవాల్సింది నేను. పలకలు పక్కన పెట్టండి, ఇవాళ ఎక్కాలు అడగన్లే. కూర్చున్నారా? సరే.

నెహెమ్యా అని మూలగుంటపాలెంలో ఒక కుర్రాడు ఉండేవాడంట. మంచివాడు. ఎట్లాంటి మంచివాడనుకున్నారు? బొత్తిగా ఎందుకూ పనికిరానంత మంచివాడు. బీడీ ముట్టడు, పేకాటకి పోడు, కుక్క మొరిగితే దానికి దారిచ్చి పక్కకి తప్పుకుంటాడు. చర్చిలో చాపలు పరిచేది వాడే, ప్రార్థన అయ్యాక చుట్టిపెట్టేది వాడే. మైకు తెచ్చి నిలబెట్టేది వాడే, అంతా అయ్యాక తీగ చుట్టేది వాడే. ఆ మైకులో మాట్లాడింది మాత్రం ‘హలో, హలో’ అనేంతవరకే. ఎందుకంటే, అదే చెప్తున్నా వినండి.

ఆ ఊళ్ళో యవ్వనస్తుల సహవాసం అని ఒకటుంది. కోతలైపోయి చేతులు ఖాళీ అయ్యాక ఏటా వార్షిక కూడిక పెడతారు. పొద్దున పాటలు, వాక్యం, సాక్ష్యాలు, మధ్యాహ్నం ప్రేమవిందు. రోడ్డు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టేవాళ్ళు. దాని మీద ఆ ఏటి అంశం ‘తగ్గింపు జీవితం’, అంటే వినయంగా బతకటం. ఆ అంశం కింద నల్లకళ్ళజోళ్ళు పెట్టుకుని, చేతులు కట్టుకుని, కమిటీవాళ్ళు మనిషెత్తు ఫొటోల్లో నిలబడి ఉండేవాళ్ళు. గొర్రెపిల్లనెత్తుకున్న యేసుప్రభువు ఓ మూలన పోస్టు బిళ్ళంత ఉండేవాడు. తగ్గింపు ఆయన ఒక్కడికే వచ్చిందనుకోండి.

సాక్ష్యం అంటే తెలుసుగా? నేను ఫలానా తప్పుల్లో ఉండేవాణ్ణి, దేవుడు నన్ను ఇట్లా మార్చాడు అని పదిమంది ముందు చెప్పుకోవటం. మంచి అలవాటే, నేను కాదనను. కానీ రాను రాను ఏమైందంటే, ఎంత పెద్ద పాపం చేసినవాడికి అంత పెద్ద సాక్ష్యం, ఎంత పెద్ద సాక్ష్యమైతే అంత పెద్ద కుర్చీ. ఆమోసు అని ఒకడుండేవాడు. తాగి సంతలో తన్నుకునేవాడు. వాడు మారి, క్రితం ఏడు కూడికలో నిలబడి సాక్ష్యం చెబితే, ఆడవాళ్ళు కొంగులు తడుపుకున్నారంట, మగవాళ్ళు గొంతులు పోయేట్టు హల్లెలూయ కొట్టారంట. ఆ దెబ్బకి సహవాసానికి ప్రెసిడెంటు అయిపోయాడు. మన నెహెమ్యా ఏం చేశాడూ? ఆమోసు దిగాక తీగ చుట్టాడు.

పోనీ, వాడికా కుర్చీ మీద ఆశ లేదు. వాడి ఆశంతా తబిత మీద. తబిత సంఘ పెద్ద ఓబద్యాగారి కూతురు, పాటల గుంపులో పాడుద్ది. మైకు ఎత్తు సరిచేస్తా వీడు దగ్గరికెళ్తే, “ఏమయ్యా, నాకెంత ఎత్తు కావాలో ఇన్నేళ్ళుగా తెలియలేదా, రోజూ కొలుస్తున్నావు?” అని నవ్వేదంట. ఆ నవ్వు చూసి నెహెమ్యా వాళ్ళమ్మ లేయమ్మ ఒకరోజు వెళ్ళి ఓబద్యాగారిని పిల్లనడిగింది. ఆయన మీసం దువ్వుకుని, “నీ కొడుకు మంచోడే లేయమ్మా, నేను కాదంటానా? అయితే సాక్ష్యం ఏదీ? దేవుడు మార్చాడనటానికి ముందు కాస్త చెడుండాలిగా మనిషిలో! ఈ కూడికలో విందుకి ముందు ఆమోసుకీ మా పిల్లకీ సంబంధం చెప్పేద్దామనుకుంటున్నా” అన్నాడంట. చూశారా న్యాయం! చెడిపోయి బాగుపడినవాడికి పిల్లనిస్తారంట, అసలు చెడిపోనివాడికి ఇవ్వరంట.

నెహెమ్యాకి అన్నం సహించలేదు. కూడిక రోజున అయ్యగారు, అంటే పాస్టరుగారు, “ఇంకెవరన్నా సాక్ష్యం చెబుతారా?” అని మాట వరసకి అడిగేసరికి వీడు లేచాడు. తీగ సర్దటానికి లేచాడనుకున్నారంతా. వీడు నేరుగా పోయి మైకు పట్టుకున్నాడు. “ప్రభువునందు ప్రియులారా, నేను ఘోర పాపిని” అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. “నేను... ఒకసారి బీడీ తాగాను.” ఒకాయన ఆవలించాడు. “పరీక్షలో పక్కవాడి పేపర్లో చూసి రాశాను.” పిల్లలంతా వాడి వంక చుట్టాన్ని చూసినట్టు చూశారు. చెప్పుకోటానికి వాడికి ఇంకో పాపం లేదు.  ఓబద్యాగారు అప్పుడే కండువా సర్దుకుంటున్నాడు, లేచి సంబంధం మాట చెప్పెయ్యటానికి. ఇంకేం చెయ్యాలి? “నేను కోళ్ళు దొంగిలించాను!” అన్నాడు. ఎక్కడో వెనక నుంచి సన్నగా “స్తోత్రం” అని వినబడింది.

అదుగో, ఆ స్తోత్రం ఉందే, కల్లు కన్నా చెడ్డది. ఒక్క చుక్క పడితే ఇంకో చుక్క కావాలంటది. “కోళ్ళే కాదు, మేకను దొంగిలించాను!” స్తోత్రం కాస్త పెద్దదైంది. “సంతలో గొడ్లు తోలుకుపోయాను!” “హల్లెలూయ!” అన్నారు ఆడవాళ్ళు. ఇంట్లో గొడ్డు తప్పిపోతే వెతకటానికి పోయి తానే దారి తప్పినవాడు వీడు! తబిత పాటల గుంపులోంచి కళ్ళెగరేసి, వద్దు దిగు అని సైగ చేసింది. దిగుతాడా? జనం చేతులెత్తి ఊగుతున్నారు. ఇంకొక్కటి, కొండంతది, ఒక్కటి చెబితే చాలు. కళ్ళు గట్టిగా మూసుకుని, “ఈ మందిరపు గంట... ఆ గంట దొంగిలించింది కూడా నేనే!” అన్నాడు.

అంతే. హల్లెలూయ సగంలో ఆగిపోయింది.

ఈ గంట సంగతి మీకు చెప్పలేదు కదూ. ఆ చర్చికి వెనకటి దొరల కాలం నాటి ఇత్తడి గంట ఒకటుండేది. మోగిస్తే మూడూళ్ళకి వినబడేది. కొన్నేళ్ళ కింద ఒక తెల్లవారి చూస్తే, గంట లేదు, దూలం ఒక్కటే ఉంది. గంట కొట్టే ముసలాయన యాకోబు మీద పడింది నింద. కొక్కెం విప్పటం తెలిసింది వాడికొక్కడికేగా అన్నారు. నేను కాదయ్యా అని ఆయన తిరగని గడప లేదు. చివరికి ఆ నిందతోనే మట్టిలోకి పోయాడు. ఆయన భార్య నయోమమ్మ అప్పట్నించి చర్చిలో ఆఖరి వరసలో, గోడకానుకుని కూర్చునేది. ముందుకి రమ్మన్నవాళ్ళు లేరు, వస్తానని ఆవిడా అనలేదు.

ఇప్పుడా నయోమమ్మ లేచింది. కర్ర పొడుచుకుంటా ముందుకొచ్చి, “నువ్వట్రా అబ్బాయ్? నా మొగుడు చచ్చేదాకా నువ్వు చూస్తా ఊరుకున్నావట్రా? నా చాప నువ్వే పరిచేవాడివి కదరా!” అంది. అరవలేదు, తిట్టలేదు. “అమ్మమ్మా, నేను కాదు, ఉత్తుత్తినే చెప్పా” అన్నాడు నెహెమ్యా. మైకులోనే అన్నాడు, అందరూ విన్నారు. ఎవరన్నా నమ్మారా? అబద్ధానికి స్తోత్రాలు చెప్పిన జనం నిజం చెబితే చెవులు మూసుకున్నారు. “చెప్పేదాకా చెప్పి ఇప్పుడు మాట మారుస్తాడేంటి! కట్టెయ్యండి వీణ్ణి, స్టేషనుకి కబురు పెట్టండి” అని నలుగురు లేచారు. లేయమ్మ “నా కొడుక్కి కోడి రెక్క పట్టుకోవటం కూడా రాదయ్యా!” అని గుండెలు బాదుకుంటంది.

అయితే ఒక వింత జరిగింది, చూడండి. అందరికన్నా ముందు వీణ్ణి తన్నాల్సిన సంఘ పెద్ద ఓబద్యాగారు ఒక్క ఉదుటున స్టేజీ ఎక్కి నెహెమ్యాను కౌగిలించుకున్నాడు! “క్షమించాలి! పశ్చాత్తాపపడ్డ బిడ్డను క్షమించాలి! పోలీసులేంటి, కట్టెయ్యటమేంటి, మనం క్రైస్తవులం కాదా? గంట పోయింది, దొంగ దొరికాడు, లెక్క సరిపోయింది. ఇంతటి సాక్ష్యం చెప్పిన బిడ్డకి నా కూతుర్నిచ్చి చేస్తా! అయ్యగారూ, ఆమెన్ అనండి, పలావు చల్లారిపోతంది!” అన్నాడు. విన్నారా? ఏ నోటితో ఇవ్వనన్నాడో ఆ నోటితోనే ఇస్తానన్నాడు, అదీ దొంగకి! పాపం ఆమోసు, కొత్త చొక్కా తొడుక్కొచ్చిన పెళ్ళికొడుకు, నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

నెహెమ్యా కోరుకున్నది చేతిలోకొచ్చేసింది. ఒక్క మాట మింగితే చాలు, తబిత వాడిదే. ఎదురుగా నయోమమ్మ కర్ర మీద వంగి నిలబడి ఉంది. వాడు ఓబద్యాగారి చేతులు విడిపించుకున్నాడు. “వద్దు పెద్దయ్యగారూ. నేను గంట తియ్యలేదు. కోళ్ళు తియ్యలేదు, గొడ్లు తియ్యలేదు. ఆ బీడీ కూడా అబద్ధమే, దగ్గొస్తదని భయం. పిల్లనివ్వకపోతే మానెయ్యండి, ఈ ముసలమ్మ ముందు మాత్రం ఆ మాట నామీద ఉంచుకోలేను” అన్నాడు. ఆమోసు అప్పుడు నోరు మూసి, మళ్ళీ తెరిచి, “వాడు చెప్పేది నిజమేనయ్యా. దొంగతనాలు నాకు తెలుసు, తాగే రోజుల్లో చేసినవాణ్ణి. వీడి మొహం దొంగ మొహం కాదు” అన్నాడు. ఓబద్యాగారు “నువ్వూరుకో ఆమోసూ, అయిపోయిందంటుంటే!” అని కసిరాడు.

అప్పుడు తబిత కిందికి దిగొచ్చింది. పలావంతా టబ్బుల్లోకి వంచేసి, వండిన పెద్ద ఇత్తడి గుండిగ ఖాళీగా పక్కన పెట్టున్నారు. ఆ గుండిగ సంగతి కూడా చెప్పాలి. ఏటా ప్రేమవిందు దాంట్లోనే వండేవాళ్ళు. దాని మెడ చుట్టూ ‘దాత: సంఘ పెద్ద ఓబద్యాగారు’ అని చెక్కించి ఉండేది. వండేవాళ్ళు ఆ పేరు మసిబారకుండా ముందు దాన్ని తోమేవాళ్ళంట, ఆ తర్వాతే లోపల తోమేది. తబిత ఆ గుండిగ చూపించి, “నెహెమ్యా, దాన్నెత్తు” అంది. వాడు వంగాడు, బిగబట్టాడు, మూలిగాడు. గుండిగ అంగుళం లేవలేదు, వాడి చొక్కా గుండీలు మాత్రం లేచిపోయాయి. జనం నవ్వారు. “చూశారుగా, గంట సరిగ్గా ఈ బరువుండేది. వీడు దాన్ని దూలం మీంచి దించి భుజానేసుకుపోయాడంటే నమ్ముతున్నారా?” అంది తబిత.

ఓబద్యాగారికి కోపమొచ్చింది. కోపంలో మనిషి ముందూ వెనకా చూసుకోడు కదా. “ఏం కూతలే అవి? గంటా గుండిగా ఒకే బరువని నీకెట్లా తెలుసు?” అన్నాడు.

“తూకానికి తూకం ఇచ్చాడుగా నాన్నా, పట్నంలో ఇత్తడి కొట్టాయన. బండి మీద గోనెసంచి పైన నన్ను కూర్చోబెట్టావు. గుంతలో చక్రం పడ్డప్పుడల్లా నా కింద ఠంగుమనేది. పాత సామాను అమ్మా, ఎవరికీ చెప్పకు అన్నావు. చిన్నదాన్ని, చెప్పలేదు. నేను పెద్దయ్యాక నువ్వే చెబుతావని చూశాను. యాకోబు తాత పోయినప్పుడన్నా చెబుతావనుకున్నా. ఇప్పుడు ఇంకొకడి నెత్తినేసి, వాడికి నన్ను బహుమతిగా ఇస్తానంటే ఎట్లా నాన్నా? సాక్ష్యాలు ఇంకా అయిపోలేదు. మైకు నీ దగ్గరే ఉంది.”

ఓబద్యాగారు ఆ మైకు వంక పాముని చూసినట్టు చూశాడంట. తర్వాత చెప్పాడు. ఒకనాటి కూడికలో కానుకలు రాయించుకుంటుంటే, ఒకాయన చాపలిస్తానన్నాడంట, స్తోత్రం అన్నారు. ఇంకొకాయన దీపాలిస్తానన్నాడు, హల్లెలూయ అన్నారు. ఆ ఊపులో ఈయన “ఇత్తడి గుండిగ ఇస్తా!” అని అరిచేశాడంట. చర్చి పైకప్పు లేచిపోయింది. ఇంటికెళ్ళాక భార్య “దేంతో ఇస్తావు, నీ మీసాలమ్మా?” అంది. మాటిచ్చాడాయె, పరువాయె. మళ్ళీ చర్చికొచ్చి తలెత్తి చూస్తే గంట కనబడింది, రాత్రికి రాత్రి తాళ్ళు కట్టి నేరుగా బండిలోకి దించుకున్నాడు. అంటే ఏమైందర్రా? దేవుడి గంట తీసుకెళ్ళి, దేవుడికే గుండిగ ఇచ్చి, మధ్యలో తన పేరు చెక్కించుకున్నాడు! “యాకోబు మీద పడుద్దని అనుకోలేదు నయోమమ్మా. పడ్డాక నోరు రాలేదు” అన్నాడు. ఆ సాక్ష్యానికి ఒక్కరంటే ఒక్కరు హల్లెలూయ అనలేదు. అసలైన సాక్ష్యం అదొక్కటేనాయె!

నయోమమ్మ గుండిగ దగ్గరికెళ్ళి అంచు తడిమింది. “ఇన్నేళ్ళూ దీంట్లో కూడు తిన్నాను. బాగుంది నాయనా అని నిన్ను దీవించాను కూడా ఓబద్యా” అంది. చేతి కర్రతో దాన్నోసారి కొట్టింది. ఠంగుమంది. మళ్ళీ కొట్టింది. మొగుడు గంట కొట్టినట్టే, ఆగి ఆగి. ఊళ్ళో ముసలివాళ్ళు కొందరు అలవాటు చొప్పున తలలు వంచారంట. అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టబోతే ఆవిడే ఆపి, “అందరూ వినేట్టు ఒక్క మాట చెప్పండయ్యా, యాకోబు దొంగ కాదని. తర్వాత మీ ఇష్టమొచ్చినంతసేపు ప్రార్థించుకోండి” అంది. అయ్యగారు మైకులోనే చెప్పాడు. ఆ రోజు నయోమమ్మకి మొదటి వరసలో చాప పరిచింది ఎవరనుకున్నారు? వాడే.

తర్వాతేమైందంటే, ఓబద్యాగారు పెద్దరికం వదులుకున్నాడు. గుండిగ మీద ఆయన పేరు చెరిపించేసి యాకోబు పేరు చెక్కించారు, దూలానికి వేలాడగట్టారు. ఆదివారం దాన్నే గంటలాగా కొడతారు, కూడిక వస్తే దించి పలావు వండుతారు. తబిత నెహెమ్యాని చేసుకుంది. ఒకటే షరతు పెట్టిందంట: మైకు తీగ ఎంతైనా చుట్టుకో, మైకు మాత్రం ముట్టుకోకు అని. ఇప్పటికీ ఆ ఊళ్ళో ప్రార్థనకి గంట కొడితే లవంగాల వాసన వస్తదంట, అందుకే ఎవరూ ఆలస్యంగా రారంట. భక్తి పెరిగిందని కమిటీవాళ్ళు మళ్ళీ ఫ్లెక్సీ వేయించారు. వేయించరూ మరి!

కాబట్టి, పదిమంది చప్పట్లు కొడుతున్నారంటే ముందు నోరు మూసుకుని, ఇంట్లో ఏముందో చూసుకోండి. ఊఁ, లేవండిక. అదుగో, ఎవరింట్లోనో గిన్నె మీద గరిట మోగుతంది. మన ఊరి గంట అదే. పొండి, చేతులు కడుక్కుని అన్నాలు తినండి. అరే, మీలో ఎవరన్నా ఆ చాప చుట్టి పొండిరా!