కాయ అడుగున నలుపు

హలో… నేనే అన్నయ్యా, చెప్పు.

…

బాగానే ఉన్నాను. రెండు నెలల తర్వాత నా బాగు అడగడానికే చేశావా? సంగతేంటో చెప్పు.

…

టమాటాలు నల్లబడ్డాయా? ఎక్కడ… అడుగునేనా? పైన నిగనిగలాడుతూ, కింద తోలు అతికించినట్టు మచ్చ… ఎన్ని వరసలు?

…

షెడ్డు మొత్తమా!

…

తెగులు కాదు. మందు కొట్టకు, దండగ. ఆకులు మాత్రం ముదురు పచ్చగా ఉన్నాయి కదూ? ఉంటాయి మరి. నీ బావమరిదిగారు నైట్రేట్ బదులు అమ్మోనియం పోశారుగా.

…

ఏదైనా నత్రజనే కదా అని ఆయన అన్నాడు, నువ్వు తలూపావు. మట్టిలోనైతే కొంత సర్దుకునేది. మన మొక్కల వేళ్లు నీళ్లలో ఉన్నాయి అన్నయ్యా. ఏది పోస్తే అదే తాగుతాయి. అమ్మోనియం ఎక్కువైతే కాయకి కాల్షియం అందదు. నైట్రేట్ మార్చొద్దని ట్యాంకు దగ్గర నిలబడి మరీ చెప్పాను.

…

గుర్తులేదా? నాకుంది. “ఆరేళ్లు బకెట్లు కలిపితే శాస్త్రవేత్తవైపోతావా” అన్నావు. పనివాళ్లందరి ముందూ. ఆయన నవ్వాడు. నువ్వూ నవ్వావు.

…

రాను. … రానన్నానుగా. నర్సరీలో పనికి కుదిరాను. ఇక్కడ నా మాట వింటారు.

…

ఆగు. ఎవరో దగ్గారు. స్పీకర్లో పెట్టావా? ఆయన పక్కనే ఉన్నాడా? … అయితే నీకు చెప్పను. కాయలు కోసే పిన్నికివ్వు ఫోను. … ఇస్తావా, పెట్టేయనా?

…

పిన్నీ, బాగున్నావా? … అయ్యో, ఏడుస్తావెందుకు?

…

నేనా? వెళ్లేముందు నేనే ఏదో కలిపి పోయానన్నారా? … ఎవరు, ఆ బావమరిదేనా?

…

అన్నయ్యే అన్నాడా…

…

ఉన్నాను పిన్నీ. వింటున్నాను.

…

సరే, చెప్పేది విను. ట్యాంకు పూర్తిగా ఖాళీ చెయ్యండి. గొట్టాలన్నీ మంచినీళ్లతో కడగండి. గోడవారగా కాల్షియం నైట్రేట్ సంచులుంటాయి, నేను తెప్పించినవి. వాటితోనే, పాత కొలత ప్రకారం కలపండి. నల్లబడ్డ కాయలు తెంపి పారేయండి, అవిక బాగుపడవు. కొత్త పిందెలు దక్కుతాయి.

…

ఇంత అన్నాక ఎందుకు చెప్తున్నానా? … ఆరేళ్లు పెంచాను పిన్నీ.

…

వద్దు, అన్నయ్యకివ్వకు. … తల పట్టుకుని కూర్చున్నాడా? కూర్చోనీ. నువ్వెళ్లి ట్యాంకులో నీళ్లు వదిలెయ్.

…

నా నంబరు? … అన్నయ్య ఫోన్లోంచి తీసేసి, నీ ఫోన్లో ఉంచుకో. ఉంటాను.